విజయనగరంలో ఎత్తైన అపార్ట్‌మెంట్లు: కొనేవాళ్లు, స్థలం ఇచ్చేవాళ్లు, పక్కింటివాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి ఎత్తులు, ఖాళీల లెక్కలు 2017 ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ పట్టికల మీద వేసినవి. ఆ రూల్స్‌కు సవరణ జీవోలు వస్తూనే ఉంటాయి. మీ దరఖాస్తు పడే రోజున ఏ సవరణ అమల్లో ఉందో లైసెన్సుడ్ ఇంజినీరు చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. నోటిమాట పనికిరాదు.

ఊళ్లో ఎక్కడ చూసినా పార్కింగ్ మీద ఐదంతస్తులే కనిపిస్తాయి. ఎందుకు?

18 మీటర్ల గీత వల్ల. 2017 రూల్స్‌లో 18 మీటర్లు, ఆపైన ఉన్నదంతా హైరైజ్. స్టిల్ట్, అంటే గోడలు లేని కింది పార్కింగ్ అంతస్తు, కూడా ఈ కొలతలోకే వస్తుంది. స్టిల్ట్‌కు 2.8 మీటర్లు, ఒక్కో అంతస్తుకు 3 మీటర్ల చొప్పున ఐదింటికి 15 కలిపితే 17.8. గీతకు 20 సెంటీమీటర్లు కింద ఆగుతుంది. ఇంకో అంతస్తు వేశారో ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం) కావాలి, చుట్టూ ఖాళీ ఎక్కువ వదలాలి, కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి, రెండో మెట్లదారి పెట్టాలి. ఆ ఒక్క అంతస్తు మీద వచ్చే డబ్బు ఈ ఖర్చులకు చాలదు. అందుకే బాలాజీ జంక్షన్ నుంచి కంటోన్మెంట్ దాకా మేడల తలలన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. బిల్డర్లకు ఊహ లేకపోవడం దీనికి కారణం కాదు, లెక్క అలా ఉంది.

జాతీయ బిల్డింగ్ కోడ్ 2016 లో హైరైజ్ 15 మీటర్లకే మొదలవుతుంది. అంటే మన ఐదంతస్తుల మేడ రాష్ట్ర రూల్స్‌లో మామూలు భవనం, కోడ్ దృష్టిలో ఎత్తైన భవనం. కొనేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి. 17.8 మీటర్ల మేడలో మంటలార్పే ఏర్పాట్లు తక్కువగా ఉన్నాయంటే ప్రమాదం తక్కువని అర్థం కాదు, అడిగేవాళ్లు తక్కువని.

కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల వైపు కూడా టవర్లు వస్తాయా?

ఇప్పుడున్న రోడ్లతో రావు. ఎంత ఎత్తు కట్టవచ్చన్నది మీ స్థలానికి ఆనుకున్న రోడ్డు వెడల్పు తేలుస్తుంది. ఎత్తు 24 మీటర్ల వరకు 12 మీటర్ల రోడ్డు, 24 నుంచి 30 వరకు 18 మీటర్ల రోడ్డు, 30 దాటితే 24 మీటర్ల రోడ్డు, 45 దాటితే 30 మీటర్ల రోడ్డు ఉండాలి. పాత బజారు సందుల్లో చాలాచోట్ల 12 మీటర్లు, అంటే 40 అడుగులు, దొరకదు. అక్కడ గజం ధర ఎంత పలికినా ఎత్తు పెరగదు.

కాబట్టి టవర్లు రింగు రోడ్డు, కలెక్టరేట్ పరిసరాలు, విశాఖ వైపు, నెల్లిమర్ల వైపు పోయే పెద్ద రోడ్ల మీదే మొలుస్తాయి. దసరా తర్వాత మొదటి మంగళవారం పైడితల్లి గుడి నుంచి కోట దాకా సిరిమాను తిరిగే దారి మీద ఆకాశం ఇప్పటిలాగే ఉండాలని కోరుకునేవాళ్లకు ఆ దారి ఇరుకే రక్ష. ఆ రోడ్డును విస్తరిస్తే మాత్రం దాంతోపాటే కట్టుకోగల ఎత్తు కూడా పెరుగుతుంది. రోడ్డు విస్తరణ ప్రకటన వచ్చినప్పుడు ట్రాఫిక్ గురించే మాట్లాడుకుంటాం. అసలది భవనాల ఎత్తుకు కూడా నోటీసే.

ఎత్తు పెంచితే ఎక్కువ ఫ్లాట్లు వస్తాయి కదా?

చిన్న స్థలంలో రావు. ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలాల్సిన ఖాళీ పెరుగుతుంది: 21 మీటర్ల వరకు 7 మీటర్లు, 24 వరకు 8, 27 వరకు 9, 30 వరకు 10, 50 దగ్గర 14.

2,000 చదరపు మీటర్ల స్థలం తీసుకోండి. సుమారు 2,392 గజాలు, అర ఎకరానికి కాస్త తక్కువ. 40 × 50 మీటర్ల కొలత అనుకుందాం. 21 మీటర్ల భవనానికి అన్ని వైపులా 7 వదిలితే మిగిలేది 26 × 36, అంటే 936 చదరపు మీటర్లు. స్టిల్ట్ మీద ఆరు అంతస్తులకు 5,616. అదే చోట 30 మీటర్లకు వెళితే 10 వదలాలి. మిగిలేది 20 × 30, అంటే 600. తొమ్మిది అంతస్తులకు 5,400. మూడు అంతస్తులు ఎక్కువ కట్టి 216 చదరపు మీటర్లు పోగొట్టుకున్నట్టు! పైగా స్తంభాలు లావు, లిఫ్టులు ఎక్కువ, నిర్మాణం ఆర్నెల్లో ఏడాదో ఎక్కువ.

నాలుగెకరాల దగ్గర లెక్క తిరగబడుతుంది. 100 × 160 మీటర్ల స్థలంలో 21 మీటర్లకు గరిష్ఠంగా 75,000 చదరపు మీటర్లు, 30 మీటర్లకు లక్ష పైచిలుకు. నిజంగా అంత నింపరు, పార్కులూ దారులూ పోతాయి, అయినా మొగ్గు అర్థమవుతుంది. అర ఎకరం స్థలానికి “పది అంతస్తులు వేద్దాం, మీ వాటా ఇంతొస్తుంది” అని ఎవరైనా ఆశ చూపితే ముందు ఈ గుణకారం కాగితం మీద వేయమనండి.

రోడ్డు వెడల్పు ఎక్కడ కొలవాలి?

తారు అంచు నుంచి తారు అంచుకు కాదు. రికార్డులో రోడ్డు హద్దుగా ఉన్న గీత నుంచి ఎదుటి హద్దు గీత వరకు. కాలువ, బెర్మ్, నడకదారి దానిలోవే. ఇక్కడ మూడు వెడల్పులు ఉంటాయి: కంటికి కనిపించేది, టౌన్ సర్వే రిజిస్టరులో ఉన్నది, మాస్టర్ ప్లాన్‌లో ప్రతిపాదించినది. మాస్టర్ ప్లాన్ వెడల్పు ఎక్కువుంటే మీ స్థలంలో కొంత రోడ్డుకు వదలాలి. దానికి బదులు టీడీఆర్ బాండు, అంటే వేరేచోట కట్టుకునే లేదా అమ్ముకునే హక్కు పత్రం, రావచ్చు, లేదా ఖాళీలలో సడలింపు అడగవచ్చు. వదిలాక మిగిలిన స్థలం మీదే పై లెక్కంతా వేయాలి. కొందరు వదలాల్సిన దాన్ని కూడా కలిపి లెక్కేసి వాటా ఒప్పందం రాయించుకుంటారు. తర్వాత గొడవ అక్కడే మొదలవుతుంది.

ఇంకో మోసం, రోడ్డు మధ్యలో సన్నబడడం. మీ స్థలం ముందు 12 మీటర్లు ఉండి, మెయిన్ రోడ్డుకు కలిసేచోట బాగా సన్నబడితే ఫైరింజన్ లోపలికి రావడం కష్టం. సర్వేయరుతో స్థలం ఎదుట ఒక్కచోటే కాకుండా, మెయిన్ రోడ్డు దాకా నాలుగైదు చోట్ల కొలిపించండి.

స్థలం డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నాం. ఒప్పందంలో ఏం రాయించుకోవాలి?

వాటా శాతం అందరూ అడుగుతారు. అడగనివి ఇవి. ప్లాన్ ఎన్ని నెలల్లో తేవాలి, తేకపోతే ఒప్పందం దానంతటదే రద్దవుతుందా. మీ ఫ్లాట్ల నంబర్లు, ఏ దిక్కు, ఏ అంతస్తు, ఏ పార్కింగ్. మునిసిపల్ కార్పొరేషన్‌కు తనఖా పెట్టే 10 శాతం ఎవరి వాటాలోంచి పోతుంది. ఈ చివరిది ముఖ్యం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే పత్రం, వచ్చేదాకా కట్టిన విస్తీర్ణంలో 10 శాతాన్ని మంజూరు చేసిన సంస్థకు హామీగా ఉంచుతారు. సాధారణంగా కింది అంతస్తుల ఫ్లాట్లే పెడతారు. పెద్దవాళ్లు మెట్లెక్కలేరని ఓనర్లు అడిగి తీసుకునేవీ అవే. తీరా చూస్తే తనఖాలో ఉన్నవి మీవే అవుతాయి. “తనఖా డెవలపర్ వాటాలోంచే” అని ఒక్క వాక్యం రాయిస్తే చాలు.

జీపీఏ, అంటే మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం, ఇచ్చేటప్పుడు డెవలపర్‌కు తన వాటా మేరకే అమ్మే హక్కు ఇవ్వండి. మొత్తం భవనం అమ్మే హక్కు, బ్యాంకులో తాకట్టు పెట్టే హక్కు ఒకే పత్రంలో కలిపి ఇచ్చేస్తే, మధ్యలో పని ఆగిన రోజున స్థలం మీద మొదటి హక్కు బ్యాంకుది అవుతుంది.

ఇక్కడి భూముల కాగితాల్లో ప్రత్యేకంగా చూడాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. ఇది సంస్థానం ఊరు. ఎస్టేట్ల రద్దు చట్టం 1948 లో వచ్చింది, ఆ తర్వాతే ఇక్కడ రైత్వారీ సెటిల్‌మెంట్ జరిగింది. అందుకని ఎస్టేటు గ్రామాల్లో మూల రికార్డు సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్, అంటే ఎస్‌ఎఫ్‌ఏ. పట్టణంలో విలీనమైన శివారు గ్రామాలకు టౌన్ సర్వే నంబరూ పాత గ్రామ సర్వే నంబరూ రెండూ ఉంటాయి. ఆ రెండూ ఒకే ముక్కను చూపిస్తున్నాయో లేదో సర్వేయరు గీసి ఇవ్వాలి.

ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, తీసి అంతటితో ఊరుకోకండి. ఎస్‌ఎఫ్‌ఏలో ఆ నంబరు ఇనాం, గయాలు (బీడు భూమి), చెరువు గర్భం, దేవుడి మాన్యం, ట్రస్టు భూమి అని ఉందా చూడండి. ఆ తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ 22ఏ నిషేధిత జాబితాలో వెతకండి. సబ్ డివిజన్ నంబరుతో వెతికితే దొరకనిది, మూల నంబరుతో వెతికితే దొరకవచ్చు. రెండు విధాలా వెతకాలి.

చెరువు ఎదురుగా ఫ్లాట్ అంటున్నారు. గాలి బాగుంటుంది కదా?

గాలి బాగానే ఉంటుంది. స్థలం చెరువుదా కాదా అన్నది చూడండి. పెద్ద చెరువు, అయ్యకోనేరు మిగిలాయి గానీ ఊరు పెరిగేకొద్దీ పూడిపోయిన బందలు (చిన్న చెరువులు), సన్నబడిన గెడ్డలు (వాగులు) చాలా ఉన్నాయి. పూర్తి నీటిమట్టం లోపల నిర్మాణం కూడదు. ఆ హద్దు నుంచి 10 హెక్టార్లు, అంతకుమించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. నీటిమట్టం హద్దును ఎండాకాలంలో కనిపించే నీళ్లను బట్టి కాక, నీటిపారుదల శాఖ రికార్డులో ఉన్న గీతను బట్టి తీసుకోవాలి.

సాయిల్ టెస్ట్ రిపోర్టులో ఏం చూడాలి?

ఎకరం స్థలంలో కట్టే భవనానికి నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి బోర్లు వేయాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 1892 చెబుతుంది. ఒకే బోరు వేసి నాలుగు టవర్లకు రిపోర్టు ఇస్తే దాన్ని పక్కన పెట్టండి. విజయనగరం చుట్టుపక్కల ఎక్కువగా ఎర్రనేల, కింద శిథిలమైన ఖోండలైట్ రాయి. ఇది మంచి నేలే. చిక్కు ఏమిటంటే రాయి ఒకచోట మూడు మీటర్లకే తగులుతుంది, పాతిక అడుగుల దూరంలో పది మీటర్లకూ తగలదు. భవనంలో సగం రాయి మీద, సగం మెత్తని మట్టి మీద కూర్చుంటే ఒక వైపు ఎక్కువ కుంగుతుంది. గోడల్లో ఏటవాలు పగుళ్లు వస్తే కారణం సాధారణంగా ఇదే.

రిపోర్టులో మూడు చూడండి: ప్రతి 1.5 మీటర్లకు ఒక ఎన్ విలువ (నేల గట్టితనపు లెక్క) ఉందా, బోరు పునాది వెడల్పుకు ఒకటిన్నర రెట్ల లోతు దాకా పోయిందా, భూగర్భజలం ఏ నెలలో కొలిచారు. మే నెలలో కొలిచిన నీటిమట్టంతో అక్టోబరు పునాది డిజైన్ చేస్తే సంపు, సెల్లార్ గోడలకు చెమ్మ తప్పదు. పూడ్చిన మట్టి ఎంత లోతుందో విడిగా రాసుండాలి. పూడిక మీద పునాది వేయకూడదు, దాన్ని దాటి అసలు నేల మీద వేయాలి.

మన దగ్గర భూకంపాలు రావు కదా, స్టిల్ట్ పిల్లర్లకు భయమేంటి?

ఐఎస్ 1893, 2016 మ్యాప్‌లో మన జిల్లా రెండో జోన్‌లో, అంటే తక్కువ ప్రమాదమున్న దానిలో ఉంది. అయినా స్టిల్ట్ అంతస్తులో గోడలుండవు, పైన అన్నీ గోడలే. పక్క నుంచి బలం వచ్చినప్పుడు వంగేది ఆ మెత్తని అంతస్తే. 2001 భుజ్ భూకంపానికి దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన మేడల్లో చాలా వాటి కథ ఇదే. లిఫ్టు చుట్టూ కాంక్రీటు గోడ ఉందా, స్టిల్ట్ పిల్లర్లలో రింగులు దగ్గరదగ్గరగా కట్టారా, రింగు కొసలు 135 డిగ్రీలు లోపలికి వంచారా చూడండి. 90 డిగ్రీల కొక్కెం వంచడం రాడ్ బెండర్‌కు సులువు, అందుకే అదే ఎక్కువగా కనిపిస్తుంది.

తుపాను గాలికి ఎత్తు భవనాలు తట్టుకుంటాయా?

ఫ్రేము తట్టుకుంటుంది. ఎగిరిపోయేవి కిటికీలు, షెడ్లు, ట్యాంకులు. విశాఖ తీరానికి ఐఎస్ 875 మూడో భాగంలో మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద చూపే ఒత్తిడి సుమారు 150 కిలోలు. ఐదడుగులు × నాలుగడుగుల కిటికీ మీద దాదాపు 280 కిలోలు, అంటే నలుగురు మనుషులు ఒక్కసారి అద్దానికి ఒరిగినట్టు. ఎత్తుకు పోయేకొద్దీ, భవనం మూలల దగ్గర, ఇది ఇంకా పెరుగుతుంది. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తాకినప్పుడు తెలిసింది ఇదే: గోడలు నిలిచాయి, వాటిలో ఉన్నవి నిలవలేదు.

యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీ కొంటే ప్రొఫైల్ లోపల ఇనుప రీఇన్‌ఫోర్స్‌మెంట్ ఉందా అడగండి. లేని కిటికీ చూపుకు ఒకేలా ఉంటుంది, ధర తక్కువ. ఫ్రేమును గోడకు బిగించే స్క్రూలు అర మీటరుకు ఒకటి చొప్పునైనా ఉండాలి. చుట్టూ నురుగు కొట్టి వదిలేస్తే చాలదు. స్లైడింగ్ తలుపు కింది పట్టాలో నీళ్లు బయటికి పోయే రంధ్రాలు మూసుకుపోతే వర్షం గదిలోకి వస్తుంది.

టెర్రస్ మీద రేకుల షెడ్డు ప్లాన్‌లో ఉండదు, గాలికీ ఉండదు. తుపాను హెచ్చరిక వచ్చాక ప్లాస్టిక్ ట్యాంకులు నింపి ఉంచండి. ఖాళీ ట్యాంకు గాలికి లేచిపోతుంది.

పని జరుగుతుండగా సైటుకెళ్తే ఏం చూడాలి?

టైల్స్ రంగు చూసి వచ్చేస్తే ఉపయోగం లేదు. స్లాబ్ వేసే రోజున వెళ్లండి.

ఎం25 గ్రేడు, అంతకు పై కాంక్రీటుకు డిజైన్ మిక్స్, అంటే పాళ్లు ల్యాబులో తేల్చిన మిశ్రమం, తప్పనిసరి. తట్టలతో కొలిచి కలిపే పద్ధతికి ఐఎస్ 456 ఎం20 వరకే ఒప్పుకుంటుంది. రెడీమిక్స్ లారీ అయితే డెలివరీ చీటీ మీద నీళ్లు కలిపిన సమయం చూడండి, రెండు గంటల్లోపు దించేయాలి. విశాఖ వైపు నుంచి వచ్చే లారీ ట్రాఫిక్‌లో చిక్కుకుంటే కాంక్రీటు బిగుసుకుంటుంది. అప్పుడు డ్రైవరు పైపు పెట్టి నీళ్లు కొడతాడు. కాంక్రీటు హాయిగా జారుతుంది, బలం పోతుంది. స్లాబ్‌లో జరిగే తప్పులన్నిటిలోకీ ఇదే ఎక్కువ, ఇదే దొరకనిది. ఆ లారీని వెనక్కి పంపే అధికారం ఎవరికుందో ముందే అడిగి పెట్టుకోండి.

60 ఘనపు మీటర్ల స్లాబ్‌కు ఐదు శాంపిళ్లు, శాంపిల్‌కు మూడు చొప్పున 15 క్యూబులు, అంటే బలం పరీక్షించే కాంక్రీటు దిమ్మెలు, తీయాలి. 7 రోజులకూ పరీక్షించాలంటే విడిగా మరికొన్ని. మూడంటే మూడే క్యూబులు తీసి ఫొటో దిగితే అది పరీక్ష కాదు.

ఇనుప కడ్డీలకూ అచ్చుకూ మధ్య ఖాళీ ఉంచే కవర్ బిళ్లలు కాంక్రీటువో పీవీసీవో ఉండాలి, కంకర ముక్కలు పెట్టకూడదు. స్లాబ్‌కు 20 మిల్లీమీటర్లు, పిల్లర్‌కు 40, ఫుటింగ్‌కు 50. మామూలు ఓపీసీ సిమెంటుకు కనీసం 7 రోజులు, ఫ్లైయాష్, స్లాగ్ కలిసిన సిమెంటుకు 10 రోజులు తడపాలి. ఇప్పుడు దొరికే బస్తాల్లో ఎక్కువ రెండో రకమే, తడిపేది మాత్రం పాత లెక్కనే. స్లాబ్ కింద పోట్లు (ఆధారపు కర్రలు) 4.5 మీటర్ల స్పాన్‌కు 7 రోజులు, దాటితే 14. ఆరు మీటర్లు దాటిన బీముకు 21 రోజులు. సెంట్రింగ్ సామాను పై అంతస్తుకు కావాలని తొందరగా పీకేస్తే స్లాబ్ మధ్యలో కుంగుతుంది. ఏళ్ల తర్వాత ఫ్లోరింగ్ కిర్రుమన్నప్పుడు గానీ తెలియదు.

మంటలొస్తే ఫైరింజన్ నిచ్చెన ఎంతవరకు అందుతుంది?

మామూలు ఫైరింజన్‌తో వచ్చే ఎక్స్‌టెన్షన్ నిచ్చెన సుమారు 10.5 మీటర్లు, అంటే మూడో అంతస్తు దరిదాపులు. ఆపైన మీ భవనంలోని ఏర్పాట్లే మిమ్మల్ని కాపాడాలి. నివాస భవనం 18 మీటర్లు, వాణిజ్య భవనం 15 మీటర్లు చేరితే రాష్ట్ర అగ్నిమాపక చట్టం కింద ఎన్‌ఓసీ కావాలి. కట్టకముందు ఒకటి, కట్టాక ఇంకొకటి. మొదటిది చూపించి “ఫైర్ ఎన్‌ఓసీ ఉంది” అనేవాళ్లే ఎక్కువ.

భవనం చుట్టూ 6 మీటర్ల దారి, మలుపులో 9 మీటర్ల వ్యాసార్ధం, నిండు ఫైరింజన్ బరువు మోయగల నేల ఉండాలి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు, సెప్టిక్ ట్యాంకునో సంపునో ఆ దారి కిందే కట్టి పల్చని మూత వేయడం. కారు పోయే మూత మీద ఫైరింజన్ పోలేదు. తర్వాత ఆ 6 మీటర్లలో రెండు “అదనపు పార్కింగ్‌లు” అమ్మేస్తారు.

రెండు మెట్లదార్లూ టెర్రస్ దాకా పోవాలి, రెండింటి తలుపులూ తాళం లేకుండా ఉండాలి. నీళ్ల ట్యాంకులో ఇంటి వాడకం పైపును మధ్య ఎత్తులో పెట్టి, అడుగు భాగం మంటల కోసం మిగిలేలా కట్టాలి. పైపు అడుగునే పెడితే ఏప్రిల్‌లో ఆ నీళ్లూ బకెట్లలోకి పోతాయి. ప్లాన్‌లో ఆశ్రయ స్థలం, అంటే మంటలప్పుడు జనం ఆగి ఉండే చోటు, ఉందేమో చూడండి. దాన్ని జిమ్‌గా, స్టోర్‌రూమ్‌గా మార్చనివ్వకండి.

భోగాపురం విమానాశ్రయం వల్ల ఎత్తుకు హద్దు ఉందా?

విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల పరిధిలో ఎత్తుకు అనుమతి లెక్క ఉంటుంది. డెంకాడ వైపు వచ్చే ప్రాజెక్టులు తప్పక చూసుకోవాలి. విమానాశ్రయ ఎన్‌ఓసీలో రాసే ఎత్తు సముద్రమట్టం నుంచి. 120 మీటర్లని ఉండి, మీ స్థలం సముద్రమట్టానికి 70 మీటర్ల మీదుంటే కట్టగలిగేది 50 మాత్రమే. లిఫ్టు గది, ట్యాంకు, పిడుగు కడ్డీ, సెల్ టవర్ అన్నీ ఆ 50 లోవే.

నీళ్లు సరిపోతాయా?

తొమ్మిది అంతస్తులు, అంతస్తుకు ఆరు ఫ్లాట్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు: రోజుకు 36,450 లీటర్లు. ట్యాంకర్లతో అయితే 5,000 లీటర్లవి ఏడు దాటాలి. నెల్లిమర్ల దగ్గర చంపావతి నుంచి వచ్చే కుళాయి నీళ్లలో మీ భవనానికి వచ్చేదెంతో, బోరు మే నెలలో గంటకెన్ని లీటర్లు ఇస్తుందో అడగండి. వర్షాకాలంలో పరీక్షించిన బోరు లెక్క నమ్మకండి.

వాననీటి గుంతల గురించి గొప్పగా చెబుతారు. 600 చదరపు మీటర్ల టెర్రస్ మీద ఏడాదికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన, అయిదో వంతు పోగా 5.28 లక్షల లీటర్లు. ఈ భవనానికి పదిహేను రోజుల నీళ్లు. గుంత తవ్వాల్సిందే, బోరు బతుకుతుంది, కానీ దానితో ట్యాంకరు ఆగదు.

మురుగు ఎక్కడికి పోతుందన్నది అసలు ప్రశ్న. 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి కావాలి, శుద్ధి ప్లాంటు దానితోపాటే వస్తుంది. అంతకన్నా చిన్న భవనాలు సెప్టిక్ ట్యాంకు కట్టి మిగులు నీటిని రోడ్డు కాలువలోకి వదులుతాయి. ఆ కాలువ ఒక్కో ఇంటికి కట్టినది. యాభై ఇళ్ల నీళ్లు ఒకేచోట పడితే వానొచ్చిన రోజున స్టిల్ట్‌లోకి వెనక్కి తంతుంది.

పక్కన టవర్ లేస్తోంది. మా ఇంటికి ఎండ పోతుందా, గోడలు పగులుతాయా?

మీరు ఏ దిక్కున ఉన్నారన్నదాన్ని బట్టి. మన అక్షాంశంలో డిసెంబరు 21 మధ్యాహ్నం 30 మీటర్ల టవర్ నీడ ఉత్తరానికి 26 మీటర్లకు పైగా పడుతుంది, సంక్రాంతి నాటికి దాదాపు 25. వాళ్లు వదిలే 10 మీటర్లు తీసేస్తే 16 మీటర్లు మీ వైపే. మే నెల మధ్య నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు నీడ దక్షిణానికి, అదీ మూడు మీటర్ల లోపే. అంటే ఉత్తరాన ఉన్నవాళ్లకు వేసవిలో వడియాల ఎండకు ఢోకా లేదు, ధనుర్మాసపు ఎండ మాత్రం పోతుంది. నీడ మీద అభ్యంతరం చెబుతూ అర్జీ పెడితే నిలవడం కష్టం. ఖాళీ తక్కువ వదిలారని కొలతతో పెడితే నిలుస్తుంది.

పగుళ్ల సంగతి తవ్వకం దగ్గరే తేలుతుంది. మీ పునాది అడుగు నుంచి 45 డిగ్రీల ఏటవాలు గీత ఊహించండి. వాళ్ల గొయ్యి ఆ గీత లోపలికి వస్తే షోరింగ్, అంటే గొయ్యి పక్కలు కూలకుండా ఆపే ఆధారం, లేకుండా తవ్వకూడదు. మోటార్లతో నీళ్లు తోడేటప్పుడు బయటికొచ్చే నీళ్లు మట్టిరంగులో ఉంటే మీ పునాది కింద సన్నమట్టి కొట్టుకొస్తోందని అర్థం. వెంటనే ఆపించాలి.

తవ్వకం మొదలవకముందే ఇల్లంతా తేదీతో సహా ఫొటోలు తీసి, ఒక కాపీ బిల్డరుకు, ఒకటి టౌన్ ప్లానింగ్ విభాగానికి రసీదుతో ఇవ్వండి. ఉన్న పగులు మీద సన్నని గాజు ముక్కను సిమెంటుతో అతికించి తేదీ రాయండి. పగులు కదిలితే గాజు పగులుతుంది. వాదన అక్కర్లేదు.

డబ్బు ఎలా కట్టాలి?

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉండాలి. అది లేకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకముందు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మీరు కట్టిన దానిలో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. స్వాధీనం తర్వాత ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. రాతపూర్వకంగా చెప్పాలి, వాట్సాప్ గ్రూపులో తిట్టడం లెక్కకు రాదు.

కడుతున్న ఫ్లాట్ మీద జీఎస్‌టీ 5 శాతం. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (గోడల లోపల వాడుకునే విస్తీర్ణం) 90 చదరపు మీటర్ల లోపు ఉంటే 1 శాతమే. విజయనగరంలో చాలా రెండు బెడ్రూముల ఫ్లాట్లు దీనిలోకి వస్తాయి, అయినా 5 అడిగేవాళ్లున్నారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్‌టీ లేదు.

1,200 అడుగుల ఫ్లాట్ అంటే లోపల ఎంత?

వాళ్లు చెప్పే అడుగుల్లో మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కలిసి ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ లిఫ్టులూ మెట్లూ పెరుగుతాయి కాబట్టి ఆ వాటా కూడా పెరుగుతుంది. రెరా ప్రకారం ధర కార్పెట్ ఏరియా మీద చెప్పాలి. రెండు ప్రాజెక్టులను పోల్చాలంటే మొత్తం ధరను కార్పెట్ అడుగులతో భాగించండి. దాంతోపాటు భూమిలో మీ అవిభాజ్య వాటా గజాల్లో దస్తావేజులో ఉందా చూడండి. 2,392 గజాల్లో 54 సమాన ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి 44 గజాలు రావాలి. 30 అని రాస్తే మిగతా 14 ఎవరి పేరున ఉన్నాయో అడగండి. తర్వాత పై అంతస్తులు వేయడానికి అట్టేపెట్టుకునే పద్ధతి అది.

టెర్రస్ మీద పెంట్‌హౌస్ చవగ్గా ఇస్తామంటున్నారు. బీపీఎస్‌లో క్రమబద్ధం అవుతుందట?

17.8 మీటర్ల మేడ మీద ఇంకో 3 మీటర్లు వేస్తే అది 20.8 మీటర్ల హైరైజ్. దానికి ఉండాల్సిన ఫైర్ ఎన్‌ఓసీ, ఖాళీ, రెండో మెట్లదారి ఏవీ కింద లేవు, ఇప్పుడు తెచ్చిపెట్టలేరు. బీపీఎస్, అంటే అనుమతి లేని కట్టడాన్ని జరిమానాతో క్రమబద్ధం చేసే పథకం, ప్రభుత్వం ప్రకటించినప్పుడే ఉంటుంది, దానికి కటాఫ్ తేదీ ఉంటుంది. రాని పథకాన్ని నమ్మి కొనడమే అవుతుంది. ఆ ఒక్క ఇంటి వల్ల కింది వాళ్లందరి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆగిపోతుంది, తనఖాలోని 10 శాతం విడుదల కాదు. కింది ఫ్లాట్ కొనేవాళ్లు కూడా మంజూరైన ప్లాన్‌లో అంతస్తులెన్నో చూసి, వీధిలో నిలబడి లెక్కపెట్టండి.